బిళ్లగన్నేరు ఆకు నుంచి విన్‌క్రిస్టిన్ సూది దాకా

ఎంగిలిపూల బతుకమ్మ ఇంకో రెండు రోజులుందనగా మా మేనత్త నర్సంపేట నుంచి హనుమకొండకు వచ్చింది. ఆమెకు లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్. వరంగల్‌లోనే ఒక ఆసుపత్రిలో మూడు వారాలకోసారి కీమో ఎక్కిస్తున్నారు. అప్పటికి మూడు అయ్యాయి, ఇంకా మూడు ఉన్నాయి. కాళ్లు కడుక్కుని వచ్చి కూర్చున్నాక సంచిలోంచి ఒక కవరు తీసి నా ముందు పెట్టింది. చూస్తే బిళ్లగన్నేరు ఆకులు.

"గిది తాగితే క్యాన్సర్ తగ్గుతదట గద కొడుకా. ఫోన్ల సూపిచ్చిండ్రు. పది దినాల సంది పొద్దుగాల కషాయం కాసుకొని తాగుతున్న. నువ్వు గీ చెట్ల సదువే చెప్తవు గద, నిజమేనా?"

నేను ఫార్మసీ కాలేజీలో ఔషధ మొక్కల పాఠం చెబుతాను. ఏటా పిల్లల చేత బిళ్లగన్నేరు ఆకును పలుచగా కోయించి మైక్రోస్కోపు కింద పెట్టిస్తాను. అయినా ఆ రోజు అత్తమ్మకు ఒక్క మాటలో జవాబు చెప్పలేకపోయాను. అబద్ధమని చెబితే నేనే అబద్ధం ఆడినట్టు. నిజమని చెబితే రేపటి నుంచి రెండు గుప్పిళ్లు ఎక్కువ తెంపుకుంటుంది.

ఆమె ఫైలు తెరిచి చూశాను. కీమో పేరు దగ్గర నాలుగు అక్షరాలు: సీ, హెచ్, ఓ, పీ. నాలుగు మందులకు నాలుగు గుర్తులు. అందులో 'ఓ' అంటే ఆంకోవిన్. విన్‌క్రిస్టిన్ అనే మందు మొదట అమ్ముడైన పేరు అది. ఆ విన్‌క్రిస్టిన్ పుట్టింది అత్తమ్మ కవరులో ఉన్న ఈ ఆకులోనే. ఆసుపత్రిలో సూది ద్వారా ఒక రూపంలో, ఇంట్లో గ్లాసు ద్వారా ఇంకో రూపంలో ఒకే మొక్కను తీసుకుంటున్నానని ఆమెకు తెలియదు. ఇంట్లో ఆకు కాసుకుంటున్న సంగతి డాక్టరుకు తెలియదు.

ఆమెకు ఆ సాయంత్రం చెప్పినదాన్నీ, తర్వాత కూర్చుని ఆలోచించుకున్నదాన్నీ ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి కవరు పట్టుకుని తిరుగుతున్న ఇళ్లు మన ఉమ్మడి వరంగల్ జిల్లాలో చాలా ఉన్నాయి.

ముందు మొక్క సంగతి

బిళ్లగన్నేరు మనకు ఎంత పాతదిగా కనిపించినా దాని సొంతగడ్డ మడగాస్కర్ దీవి. ఓడల్లో ప్రపంచమంతా పాకి, ఎక్కడ నాలుగు గింజలు పడితే అక్కడ మొలిచి, ఇప్పుడు గోడ సందుల్లో, ఇంటి అరుగు పక్కన, శ్మశానం గట్ల మీద ఎక్కడ చూసినా కనిపిస్తుంది. మేకలు ముట్టవు. నీళ్లు పోయకపోయినా పూస్తుంది. మా వాడకట్టులో తంగేడు, గునుగు చాలకపోతే బతుకమ్మలో ఈ పూలు కూడా పెడతారు. మన ఊళ్లలో దీన్ని షుగర్‌కు నమలడం ఉంది. జమైకాలో, ఫిలిప్పీన్స్‌లో కూడా షుగర్‌కే వాడారు.

పేరు విషయంలో మాత్రం జాగ్రత్త కావాలి. ఫోన్లో వచ్చే వీడియోలో 'గన్నేరు ఆకు' అని ఒక్క మాట అంటారు. మనకు గన్నేరు అనే పేరుతో కనీసం మూడు మొక్కలు ఉన్నాయి. గుడి ముందు ఎరుపు, తెలుపు పూలు పూసే గన్నేరు ఒకటి. గంటల్లాంటి పసుపు పూలు పూసే పచ్చగన్నేరు ఒకటి. ఈ బిళ్లగన్నేరు ఒకటి. మూడూ ఒకే కుటుంబానికి చెందినవే. కానీ మొదటి రెండింటిలో ఉన్న విషం నేరుగా గుండె మీద పనిచేస్తుంది. పచ్చగన్నేరు గింజలు మింగి ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ల సంగతి మన పల్లెల్లో తెలియని వారుండరు. గన్నేరులోని ఒలియాండ్రిన్ అనే పదార్థం కూడా ప్రయోగశాలలో క్యాన్సర్ కణాలను చంపుతుంది. చంపుతుందన్న మాట నిజమే, గుండెను ఆపుతుందన్న మాటా నిజమే. ఈ సంగతి గుర్తు పెట్టుకోండి, కింద మళ్లీ అవసరం పడుతుంది.

ఎలుకలు ఎందుకు చనిపోయాయి?

1952లో కెనడాలోని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న రాబర్ట్ నోబుల్ అనే పరిశోధకుడి చేతికి ఒక కవరు అందింది. అందులో 25 ఆకులు ఉన్నాయి. జమైకాలో ఉన్న ఒక పేషెంట్ వాటిని రాబర్ట్ అన్న డాక్టర్ క్లార్క్ నోబుల్‌కు పంపితే, ఆయన తమ్ముడికి ఇచ్చాడు. అక్కడి జనం ఈ ఆకు టీ కాచుకుని షుగర్‌కు తాగుతారు, ఏమన్నా ఉందేమో చూడమని.

ఈ క్లార్క్ నోబుల్ గురించి ఒక మాట చెప్పాలి. 1921లో టొరంటోలో ఇన్సులిన్ కోసం బాంటింగ్ ప్రయోగాలు మొదలుపెట్టినప్పుడు సాయానికి ఇద్దరు కుర్రాళ్లు సిద్ధంగా ఉన్నారు. ముందు ఎవరు వెళ్లాలో నాణెం ఎగరేసి తేల్చుకున్నారు. గెలిచిన చార్లెస్ బెస్ట్ పేరు చరిత్రకెక్కింది. ఓడిన కుర్రాడు క్లార్క్ నోబుల్. ముప్పై ఏళ్ల తర్వాత మళ్లీ షుగర్ పేరు మీదే ఆయన చేతుల మీదుగా ఇంకో పెద్ద మందు బయటికి వచ్చింది.

రాబర్ట్ నోబుల్ బృందం ఆ ఆకు సారాన్ని ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చింది. రక్తంలో చక్కెర తగ్గలేదు. చెప్పుకోదగ్గ మార్పేదీ రాలేదు. సరే, సూది ద్వారా ఇచ్చి చూద్దామనుకున్నారు. అప్పుడూ చక్కెర తగ్గలేదు కానీ కొన్ని రోజులకే ఎలుకలు చనిపోయాయి. వేరే ఎవరైనా అయితే ఆ ఆకులు చెత్తబుట్టలో వేసి ఇంకో పనిలో పడేవారేమో. వీళ్లు మాత్రం ఎలుకలు ఎందుకు చచ్చాయని వెతికారు. చచ్చింది బాక్టీరియా ఇన్ఫెక్షన్‌తో. ఇన్ఫెక్షన్ ఎందుకు ముదిరిందంటే ఒంట్లో తెల్ల రక్తకణాలు అడుగంటిపోయాయి. మూలుగలో కణాల పుట్టుక ఆగిపోయింది.

తెల్ల రక్తకణాలు అదుపు తప్పి పెరిగే జబ్బే ల్యుకేమియా. ఆ కణాల పెరుగుదలను ఆపే పదార్థమేదో ఈ ఆకులో ఉందన్నమాట. 1954లో చార్లెస్ బీర్ అనే రసాయన శాస్త్రవేత్త నోబుల్‌తో కలిశాడు. ఇద్దరూ కలిసి ఆ పదార్థాన్ని విడదీసి 1958లో ప్రపంచానికి చూపించారు. అదే విన్‌బ్లాస్టిన్. అదే కాలంలో అమెరికాలో ఎలై లిల్లీ కంపెనీలో గోర్డన్ స్వొబోడా కూడా ఈ మొక్క మీదే పనిచేస్తున్నాడు. ఆయనా షుగర్ వైద్యం గురించి విని మొక్కను పరీక్షకు తెచ్చినవాడే. అక్కడ ల్యుకేమియా ఉన్న చిట్టెలుకలు ఈ సారంతో ఎక్కువ రోజులు బతికాయి. ఆ దారిలో బయటపడిన విన్‌క్రిస్టిన్‌కు అమెరికాలో 1963లో అనుమతి దొరికింది.

ఈ కథను నేను తరగతిలో చెప్పినప్పుడల్లా రెండు చోట్ల ఆగుతాను. మొదటిది, ఏ సంప్రదాయమూ ఈ మొక్కను రక్త క్యాన్సర్‌కు మందని ఆ శాస్త్రవేత్తలకు చెప్పలేదు. షుగర్‌కని చెప్పింది. పెద్దల అనుభవం మొక్క దగ్గరికి దారి చూపింది, అది చిన్న మేలు కాదు. కానీ అక్కడ దొరికింది వేరొకటి. రెండోది, నోటి ద్వారా ఇచ్చినప్పుడు ఎలుకల్లో ఏమీ జరగలేదు. అత్తమ్మ గ్లాసులో పోసుకుంటున్న కషాయం గురించి తొలి జవాబు ఆ మొదటి ప్రయోగంలోనే ఉంది. ఇవాళ్టికీ విన్‌క్రిస్టిన్ మాత్ర లేదు. పేగుల నుంచి అది రక్తంలోకి సరిగా ఎక్కదు. సిర ద్వారానే ఇవ్వాలి.

యాభై బస్తాల ఆకు, పావు చెంచా మందు

బిళ్లగన్నేరులో ఇప్పటివరకు 130కి పైగా ఆల్కలాయిడ్లు గుర్తించారు. ఆల్కలాయిడ్లంటే మొక్కలు తమను తినే పురుగుల నుంచి, పశువుల నుంచి కాపాడుకోవడానికి తయారుచేసుకునే చేదు రసాయనాలు. వాటిలో విన్‌క్రిస్టిన్ వాటా ఎంత తక్కువంటే, ఒక గ్రాము తీయడానికి దాదాపు 2,000 కిలోల ఎండాకు కావాలి. ఏనుమాముల యార్డుకు వచ్చే మిర్చి బస్తాను నలభై కిలోలనుకుంటే యాభై బస్తాలు. ఒక గ్రాము అంటే పంచదార పావు చెంచా. విన్‌బ్లాస్టిన్ కొంత నయం, గ్రాముకు 500 కిలోల ఎండాకు.

ఇప్పుడు మోతాదు లెక్క చూడండి. పెద్దవాళ్లకు విన్‌క్రిస్టిన్ ఒకసారికి మామూలుగా 2 మిల్లీగ్రాములకు మించనివ్వరు. అంటే ఒక్కసారి మందుకు నాలుగు కిలోల ఎండాకు. పచ్చాకు లెక్కన ఇరవై కిలోలన్నా అవుతుంది. పది ఆకులు మరగబెట్టిన నీళ్లలో విన్‌క్రిస్టిన్ ఎంత వస్తుందో వేరే చెప్పక్కర్లేదు. ఉన్న ఆ కొంచెమూ పేగు దాటదు. మరి గ్లాసులో ఏం వస్తుంది? మిగతా వందకు పైగా ఆల్కలాయిడ్లలో ఏవి ఎంత కరిగితే అంత. వాటిలో కొన్ని బీపీని మార్చేవి, కొన్ని కడుపులో వికారం పుట్టించేవి. ఎంత తాగామో, ఏం తాగామో కొలత ఉండదు. కాబట్టి 'పనిచేయకపోతే పోనీ, నష్టం లేదు కదా' అనే మాట కూడా నిలబడదు.

వేరు చేయడం అనే పని ఎందుకు ముఖ్యమో ఇక్కడే అర్థమవుతుంది. ఎండాకు పొడిని రకరకాల ద్రావకాల్లో నానబెడతారు. ఆమ్లంతో కడిగి, క్షారంతో తేల్చి ఆల్కలాయిడ్లను ఒకవైపు లాగుతారు. ఆ ముద్దను సిలికా పొడి నింపిన పొడవాటి గాజు గొట్టం పైన పోసి కిందికి జారనిస్తారు. ఒక్కో పదార్థం ఒక్కో వేగంతో జారుతుంది. చుక్క చుక్కగా వేర్వేరు గొట్టాల్లో పట్టి, ప్రతిదాన్నీ కణాల మీద వేసి చూస్తారు. పనిచేసిన దాన్ని పట్టుకుని మళ్లీ విడదీస్తారు. నెలలు పట్టే పని. చివరికి గొట్టం అడుగున తెల్లటి పొడి ఒక మెరుపులా మిగులుతుంది.

అలా విడదీస్తేనే ఇంకో విచిత్రం బయటపడింది. విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ దాదాపు కవలలు. అంత పెద్ద అణువులో ఒక్క నైట్రోజన్ మీద ఉన్న చిన్న గుంపు మాత్రమే వేరు. ఒకదాంట్లో మిథైల్, ఇంకోదాంట్లో ఫార్మిల్. ఆ కాస్త తేడాకే మనిషి ఒంట్లో నడత మారిపోయింది. విన్‌బ్లాస్టిన్ ఎక్కువైతే ముందు మూలుగ దెబ్బతింటుంది. విన్‌క్రిస్టిన్ ఎక్కువైతే ముందు నరాలు దెబ్బతింటాయి. ఏ జబ్బుకు ఏది, ఎంత అనేది కూడా వేరు. రెండూ కలిసి ఉన్న ఆకును నమిలితే ఈ తేడాను పట్టుకునే వీలే లేదు.

ఈ కొరత వల్లనే మొక్కను మించిన దారుల కోసం దశాబ్దాలుగా వెతుకుతున్నారు. లక్నోలో ఔషధ మొక్కల మీద పరిశోధన చేసే సీమ్యాప్ సంస్థ సాగు కోసం 'నిర్మల్', 'ధవళ్' అనే బిళ్లగన్నేరు రకాలను విడుదల చేసింది. మొక్కలో ఎక్కువగా ఉండే కాథరాంథిన్, విండోలిన్ అనే రెండు ముక్కలను తీసి అతికి మందు చేయడం నేర్చుకున్నారు. 2022లో అయితే ఈస్ట్ కణాల్లోకి మొక్క జన్యువులను చొప్పించి, ఆ రెండు ముక్కలను ఈస్ట్ చేతే తయారు చేయించారు. బ్రెడ్డు పిండిని పొంగించే ఆ చిన్న జీవికి బిళ్లగన్నేరు విద్య నేర్పారన్నమాట.

కండె మీద పోగు చేరకపోతే

మందు ఏం చేస్తుందో చెప్పడానికి మన బడి పుస్తకంలో ఒక చక్కటి మాట ఉంది. కణం రెండుగా చీలే ముందు క్రోమోజోములను అటూ ఇటూ లాగడానికి లోపల సన్నటి పోగులు ఏర్పడతాయి. వాటిని జీవశాస్త్ర పుస్తకంలో కండె పోగులు అంటాం. కొత్తవాడలో జంపఖానాలు నేసే ఇంట్లో కండె అంటే చిన్నపిల్లకైనా తెలుసు. ఆ పోగులు ట్యూబులిన్ అనే ప్రోటీన్ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుంటేనే తయారవుతాయి. విన్‌క్రిస్టిన్ వెళ్లి ఆ ముక్కలకు అంటుకుంటుంది. ఇక ముక్కకు ముక్క అతకదు. పోగు సాగదు. క్రోమోజోములు నడిమధ్యలో వరుసగా నిలబడి, లాగే పోగు లేక అక్కడే ఆగిపోతాయి. చీలడానికి సిద్ధమైన కణం చీలలేక చనిపోతుంది.

మాటిమాటికీ చీలే కణాలకే ఈ దెబ్బ ఎక్కువ. క్యాన్సర్ కణాలు అలాంటివి. వెంట్రుకల కుదుళ్లలోని కణాలూ అలాంటివే, అందుకే జుట్టు రాలుతుంది. నరాల కణాలు చీలవు కానీ వాటికి ఈ పోగులతో వేరే పని ఉంది. వెన్నులో మొదలై కాలి వేలి దాకా వెళ్లే నరానికి సరుకులు మోసే పట్టాలు ఈ పోగులే. పట్టాలు తెగితే ముందు చివర్లు ఎండుతాయి. వేళ్లకు తిమ్మిరి, అరికాళ్లలో మంట, పేగుల కదలిక మందగించి మలబద్ధకం. అత్తమ్మ ఈ రెండింటినీ చెప్పింది. "యేళ్లు తిమ్మిరెక్కుతున్నయి, రెండు దినాలకోపారి గాని బైటికి పోవుడు లేదు" అంది. ఆకు తాగితే చల్లబడుతుందనుకుని తాగింది. అవి తన మందు పెడుతున్న బాధలేనని, అది ఈ ఆకు తాలూకు మందేనని ఎవరైనా ముందే చెప్పి ఉంటే ఆమెకు ఆ పది రోజుల టెన్షన్ తప్పేది.

విషం, మందు రెండూ ఒకటే పదార్థం ఇక్కడ. 2 మిల్లీగ్రాముల దగ్గర గీత గీసింది నరాల భయంతోనే. అదే మందును పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణం పోతుంది. అందుకే సీసా మీద సిర ద్వారా మాత్రమే అని పెద్దక్షరాల్లో రాస్తారు.

నేలవేము దగ్గర ఎందుకు ఆగిపోయాం?

బిళ్లగన్నేరు కథ విన్నవాళ్లు వెంటనే అడిగే ప్రశ్న: మరి నేలవేము? ఏటూరునాగారం, ములుగు అడవుల్లో వానలు వెనకబట్టాక దొరికే ఈ చేదు మొక్క జ్వరానికి మన ఇళ్లలో తరతరాలుగా కషాయం. దీనిలోని ఆండ్రోగ్రఫోలైడ్ అనే పదార్థం క్యాన్సర్ కణాలను చంపుతుందని వందల పరిశోధన పత్రాలు చెబుతాయి. అవి అబద్ధాలు కావు. 1911లోనే దీన్ని వేరు చేశారు, అంటే విన్‌క్రిస్టిన్ కంటే దాదాపు యాభై ఏళ్లు పెద్దది. పైగా కొరత లేదు. మంచి ఆకులో నూటికి రెండు వంతుల దాకా ఉంటుంది. బిళ్లగన్నేరు ఎండాకులో విన్‌క్రిస్టిన్ దొరికేది ఇరవై లక్షల్లో ఒక వంతు. ఎక్కువ ఉన్నది మందు కాలేదు, లేనట్టే ఉన్నది అయింది. ఎందుకని?

దీనికి జవాబు తెలియాలంటే ప్రయోగశాలలో 'చంపింది' అనే మాటకు అర్థం తెలియాలి. ప్లాస్టిక్ ప్లేటులో చిన్న చిన్న గుంటలు ఉంటాయి. వాటిలో క్యాన్సర్ కణాలను పెంచి, మీద మొక్క సారం వేసి, రెండు మూడు రోజుల తర్వాత ఎన్ని బతికున్నాయో రంగు వేసి కొలుస్తారు. సగం కణాలను ఆపడానికి ఎంత గాఢత కావాలో అదే ఆ పదార్థం సత్తాకు కొలత. ఆ అంకె ఎంత చిన్నదైతే మందు అంత పదునైనది. అంకె చెప్పకుండా చంపింది అని మాత్రమే చెబితే దానికి విలువ లేదు. ఆ గుంటలో ఉప్పు ఎక్కువ వేసినా కణాలు చస్తాయి. ఇందాక గుర్తు పెట్టుకోమన్న గన్నేరు కూడా చంపుతుంది.

విన్‌క్రిస్టిన్ అంకె నానోమోలార్లలో ఉంటుంది. ఆండ్రోగ్రఫోలైడ్‌కు చాలా రకాల కణాల మీద పది, ఇరవై, ఇంకా పైన మైక్రోమోలార్లు కావాలి. ఒక మైక్రోమోలార్ అంటే వెయ్యి నానోమోలార్లు, అంటే వేల రెట్లు ఎక్కువ. మరి మనిషి రక్తంలో అంత చేరుతుందా? 20 మిల్లీగ్రాముల ఆండ్రోగ్రఫోలైడ్ ఉన్న మాత్రలు మనుషులకు ఇచ్చి కొలిచిన ఒక పరీక్షలో రక్తంలోని గరిష్ఠ స్థాయి ఒక మైక్రోమోలార్ చుట్టుపక్కల తేలింది. ఆ పదార్థం నీళ్లలో సరిగా కరగదు, పేగు గోడలోని పంపులు దాన్ని వెనక్కి తోసేస్తాయి, కాలేయం తొందరగా మార్చేస్తుంది. పోనీ మోతాదు పెంచుదామంటే దానికీ హద్దు ఉంది. హెచ్‌ఐవీ ఉన్నవారి మీద అమెరికాలో ఎక్కువ మోతాదుతో చేసిన పరీక్షను, ఒకరికి ప్రమాదకరమైన అలర్జీ రావడంతో పాటు ఇతర ఇబ్బందులూ కలగడంతో మధ్యలోనే ఆపేశారు. ఆ ఫలితాలు 2000లో అచ్చయ్యాయి.

నేలవేము మీద పని దండగని నేను అనడం లేదు. ఆ అణువును కొంచెం మార్చి, బాగా కరిగేలా, తక్కువ మోతాదుకే పనిచేసేలా చేయాలని మన దేశంలోనూ చాలామంది కష్టపడుతున్నారు. నా విద్యార్థులు కొందరు ఆ దారిలోనే ఉన్నారు. నాకు బాధ కలిగించేది వేరే. ప్లేటులో వచ్చిన తొలి అంకె పట్టుకుని 'క్యాన్సర్‌కు మందు కనిపెట్టిన విద్యార్థి' అని వార్త వస్తుంది. ఆ పిల్లవాడి కష్టం నిజం, ఆనందం నిజం. కానీ ఆ వార్త చదివిన పేషెంట్‌కు తెలియనిది ఏమిటంటే, అది వంద మెట్లలో రెండో మెట్టు. ఎలుకలు, మోతాదు, మనుషుల్లో భద్రత, ఆ తర్వాత ఉన్న మందుతో పోల్చి చూసే పెద్ద పరీక్షలు ఇంకా ముందున్నాయి. అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ 1960 నుంచి 1982 దాకా లక్షకు పైగా మొక్కల సారాలను ఇలా జల్లెడ పట్టింది. అందులోంచి పేషెంట్ల దాకా వచ్చిన పేరున్న మందుల మూలాలు రెండే: పాక్లిటాక్సెల్, కాంప్టోథెసిన్. పాక్లిటాక్సెల్ దొరికిన యూ అనే చెట్టు బెరడును 1962లో సేకరించారు. దాని నిర్మాణాన్ని మన్రో వాల్, మహారాష్ట్రలోని నందుర్బార్‌లో పుట్టిన మన్‌సుఖ్ వాణీల బృందం 1971లో తేల్చింది. అనుమతి వచ్చింది 1992లో. ముప్పై ఏళ్లు.

పసుపు గురించి కూడా అడుగుతారు కాబట్టి రెండు మాటలు. నిజామాబాద్, ఆర్మూర్ పసుపు మన ప్రాంతానికి గర్వకారణం, ఇప్పుడు జాతీయ పసుపు బోర్డు కేంద్ర కార్యాలయం కూడా అక్కడే ఉంది. కూరలో వేసుకోండి, కాళ్లకు రాసుకోండి. కానీ దానిలోని కర్క్యుమిన్‌ను రోజుకు 8 గ్రాములు ఇచ్చిన పరీక్షల్లో కూడా రక్తంలోకి చేరింది చాలా తక్కువ. వేల పత్రాలు వచ్చాక కూడా అది క్యాన్సర్ మందు కాలేదు.

ఒక్క మందు చాలలేదు

విన్‌క్రిస్టిన్ కూడా ఒంటరిగా గెలిచింది కాదు. క్యాన్సర్ కణాలు తెలివైనవి. కొన్ని రోజులకే తమ గోడలో పంపులు పెంచుకుని మందును బయటికి తోడేస్తాయి. అందుకే 1960ల మొదట్లో అమెరికా వైద్యులు పిల్లల ల్యుకేమియాకు నాలుగు మందులు కలిపి ఇచ్చి చూశారు. అందులో ఒకటి విన్‌క్రిస్టిన్. ఇంకొకటి మెథోట్రెక్సేట్. ఈ రెండో పేరు దగ్గర తెలుగువాడికి ఛాతీ పొంగాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు లెడర్లీ కంపెనీలో నడిపిన పరిశోధనల నుంచి వచ్చిన మందు అది. గోడ పక్కన పూసే మొక్క మందు, మనవాడి మందు కలిసి పసిపిల్లల ఒంట్లో పనిచేశాయి. అప్పట్లో ఈ జబ్బు వచ్చిన పిల్లల్లో పదిమందికి ఒకరు దక్కడం కష్టం. ఇప్పుడు మంచి వైద్యం సకాలంలో అందినచోట ఎనిమిది తొమ్మిది మంది బతుకుతున్నారు.

రెండూ కలిపి తీసుకుంటే

అత్తమ్మ అసలు ప్రశ్న దగ్గరికి వస్తాను. "సూది ఎట్లాగూ పడుతుంది, కషాయం కూడా తాగితే ఇంకింత బలం కాదా?"

విన్‌క్రిస్టిన్‌ను ఒంట్లోంచి పంపేది కాలేయం. కాలేయంలో ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొడుతుంది. ఆ ఎంజైమ్‌కు అడ్డుపడే వస్తువు ఏది తీసుకున్నా విన్‌క్రిస్టిన్ రక్తంలో ఎక్కువసేపు ఉండిపోయి నరాలను కాలుస్తుంది. ఫంగస్‌కు వాడే ఇట్రాకొనజోల్ లాంటి మామూలు మాత్రతోనే ఇలా జరుగుతుంది. కామెర్లు పెరిగితే డాక్టర్లు మోతాదును సగానికి తగ్గిస్తారు. అలాంటప్పుడు కాలేయానికి భారం పెట్టే ఆకులు, చూర్ణాలు పక్కన తీసుకుంటే లెక్క తప్పుతుంది. కోవిడ్ రోజుల్లో తిప్పతీగ వాడిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో నమోదు చేశారు. మూలుగ ఇప్పటికే అలసిపోయి తెల్ల కణాలు తగ్గి ఉన్న మనిషికి, సరిగా మరగని ఆకునీళ్లతో వచ్చే ఇన్ఫెక్షన్ కూడా చిన్నది కాదు.

కీమో మానేసి ఆకునే నమ్ముకున్నవాళ్ల సంగతి ఇంకా కష్టం. అమెరికాలో యేల్ విశ్వవిద్యాలయం వైద్యులు 2018లో అచ్చేసిన లెక్క ఒకటి ఉంది. శరీరంలో పాకని దశలో ఉండి, నయమయ్యే అవకాశం ఉన్న క్యాన్సర్‌కు ప్రత్యామ్నాయ వైద్యాన్నే ఎంచుకున్న 281 మందిని మామూలు వైద్యం చేయించుకున్నవారితో పోల్చారు. వీరికి చావు ముప్పు రెండున్నర రెట్లు ఉంది. రొమ్ము క్యాన్సర్ ఉన్న ఆడవాళ్లలో అయిదు రెట్లు దాటింది.

ఆకు వైపు జనం ఎందుకు వెళ్తారో నాకు తెలియక కాదు. కీమో అంటే భయం. బస్సు ఖర్చు, కూలి పోవడం, తోడు వచ్చే మనిషి దొరకకపోవడం. ఆరోగ్యశ్రీ ఉన్నా, హైదరాబాద్‌లో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నా, అక్కడ చెట్టు కింద పడుకుని ఎదురుచూసే రాత్రులు ఎవరికీ తేలిక కాదు. ఆకు మాత్రం ఇంటి ముందే ఉంది, పైసా అడగదు, తెంపుకుంటే మన చేతిలో ఏదో ఉందనిపిస్తుంది. ఆ ధైర్యం కోసం తాగేవాళ్లను కోప్పడితే రెండోసారి చెప్పకుండా దాచిపెట్టుకుని తాగుతారు. అందుకని అత్తమ్మను నేను కోప్పడలేదు. కషాయం ఆపమని, తాగిన సంగతి మాత్రం డాక్టరు దగ్గర దాచొద్దని బతిమాలాను.

సద్దుల బతుకమ్మ అయ్యాక నాలుగో కీమోకు నేనే తోడు వెళ్లాను. ఆకుల కవరు కూడా తీసుకెళ్లాం. డాక్టరమ్మ ఆకు చేతిలోకి తీసుకుని చూసి, ఎన్ని రోజులు, ఎన్ని గ్లాసులు అని అడిగి ఫైల్లో రాసుకుంది. కాలేయం పరీక్షకు రక్తం తీయించింది. రిపోర్టు వచ్చేదాకా మందు మొదలుపెట్టలేదు. తర్వాత అత్తమ్మ వేళ్లు పట్టుకుని, జాకెట్టు హుక్కులు పెట్టుకోగలుగుతున్నావా అమ్మా, నడుస్తుంటే చెప్పు జారిపోతుందా అని అడిగింది. హుక్కులు కష్టమైన రోజున మూడు వారాలు ఆగకుండా ముందే రమ్మంది.

రిపోర్టు బాగానే ఉంది. మంచం దగ్గర సిస్టరు మందులు సర్దుతుంటే, గన్నేరు మందు ఏదో ఒకసారి చూపించమని అత్తమ్మ అడిగింది. సిస్టరు నవ్వి, బొటనవేలంత గాజు సీసా ఎత్తి పట్టుకుంది. లోపల నీళ్లలాంటిది, అడుగున కొంచెమే. అత్తమ్మ కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూసింది.

"గన్ని బస్తాల ఆకు దంచితే గీ సుక్కనా కొడుకా," అంది. తర్వాత చెయ్యి చాపింది, సూదికి.